నర్సింగ్ హోముల్లో పిలుపు గంట వ్యవస్థ

నర్సింగ్ హోములో నివసించే వృద్ధులు, దీర్ఘరోగులు సహాయం అవసరమైనపుడు సిబ్బందిని పిలుచుకొనేందుకు మంచం పక్కన, మరుగుదొడ్డిలో, స్నానాల గదిలో అమర్చే సంకేత సాధనాల సముదాయాన్ని పిలుపు గంట వ్యవస్థ అంటారు. ఇంగ్లీషులో దీని పేరు నర్స్ కాల్ సిస్టమ్. అమెరికాలో నివాసులు, సిబ్బంది వాడుకలో దీనిని కాల్ లైట్ అంటారు. మీట నొక్కితే గది తలుపు పైన దీపం వెలగడం, నర్సుల బల్ల వద్ద గంట మోగడం దీని స్థూల స్వరూపం. చూడడానికి ఇంటి గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్ వంటిదే. కానీ తనంతట తాను మంచం దిగలేని మనిషి అర్ధరాత్రి వేళ మరొకరిని రప్పించుకోవడానికి ఇది తప్ప వేరే మార్గం ఉండదు. ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా సంయుక్త రాష్ట్రాల నర్సింగ్ హోముల్లో ఈ వ్యవస్థను పనిచేసే స్థితిలో ఉంచడం గురించి వివరిస్తుంది.

పదం గురించి

తెలుగునాట నర్సింగ్ హోమ్ అంటే ఊళ్ళో డాక్టరు గారు నడిపే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. కాన్పులు, చిన్న ఆపరేషన్లు అక్కడ జరుగుతాయి. నాలుగు రోజుల్లో రోగి ఇంటికి వెళ్ళిపోతాడు. అమెరికాలో ఈ మాటకు అర్థం పూర్తిగా వేరు. అక్కడ నర్సింగ్ హోమ్ అంటే ఇరవైనాలుగు గంటలూ నర్సింగ్ సంరక్షణ అవసరమయ్యేవారు నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఉండే నివాసం. అందువల్లనే అక్కడివారిని రోగులు అనక నివాసులు అంటారు. అటువంటి సంస్థలు అమెరికాలో సుమారు 15 వేలు ఉన్నాయి. వాటిలో 12 లక్షల మందికి పైగా నివసిస్తున్నారు. ఈ వ్యాసంలో నర్సింగ్ హోమ్ అనే మాటను ఈ రెండవ అర్థంలోనే వాడడమైనది.

చరిత్ర

దీపధారిణిగా పాఠ్యపుస్తకాల ద్వారా మనకు పరిచయమైన ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధానికి వెళ్ళక ముందే ఈ సమస్య గురించి ఆలోచించింది. 1853లో లండను హార్లీ వీధిలోని ఒక చిన్న ఆసుపత్రి నిర్వహణ బాధ్యతను స్వీకరిస్తూ ఆమె కోరిన ఏర్పాట్లలో గంటలు కూడా ఉన్నాయి. రోగుల గంటలన్నీ ఆ అంతస్తులోని నర్సు గది బయట మోగాలనీ, గంట మోగినపుడు ఒక చిన్న మూత తెరుచుకొని అలాగే ఉండిపోవాలనీ ఆమె కోరింది. గంట శబ్దం ఆగిపోయిన తరువాత వచ్చిన నర్సుకు కూడా ఎవరు పిలిచారో తెలియాలన్నది ఇందులోని ఉద్దేశం. నూట డెబ్భై ఏళ్ళు గడిచినా ఈ వ్యవస్థకు మూలసూత్రం ఇదే. పిలుపు వినిపిస్తే చాలదు. ఎవరైనా వచ్చి చూసేవరకు అది నిలిచి ఉండాలి.

తరువాతి కాలంలో విద్యుత్ గంటలు, వాటి తరువాత తలుపు పైన వెలిగే దీపాలు, ఆ పైన నర్సు తన బల్ల దగ్గర నుండే మాట్లాడే ఇంటర్‌కమ్ వచ్చాయి. ఇటీవలి దశాబ్దాలలో తీగలు లేని మీటలు, సిబ్బంది జేబులోని పేజర్లు, ఫోన్లు వీటికి తోడయ్యాయి.

వ్యవస్థలోని భాగాలు

తీగలున్న సంప్రదాయ వ్యవస్థలో మంచం తల వైపు గోడకు ఒక పలక బిగించి ఉంటుంది. దానిలో గుచ్చిన పొడవైన తీగ చివర మీట ఉంటుంది. తీగను దుప్పటికో దిండుకో క్లిప్పుతో తగిలిస్తారు. వేళ్ళలో బలం లేనివారికి అరచేయి ఆనిస్తే చాలు పలికే మెత్తటి పలకలు, పిండితే గాలి ఒత్తిడితో పనిచేసే రబ్బరు బుడ్డలు దొరుకుతాయి. చేతులు అసలే కదలనివారు గొట్టంలో ఊది పిలిచే సాధనాలూ ఉన్నాయి. మరుగుదొడ్డిలోను, స్నానపు గదిలోను మీటకు బదులు లాగే తాడు ఉంటుంది. మరుగుదొడ్డి నుండి వచ్చే పిలుపును మామూలు పిలుపు నుండి వేరుగా గుర్తించేలా దీపం రంగునో, మిణికే వేగాన్నో, గంట శబ్దాన్నో మారుస్తారు. ఈ సంకేతాలు తయారీదారును బట్టి మారుతుంటాయి గనుక కొత్తగా చేరిన సిబ్బందికి వాటిని నేర్పవలసి ఉంటుంది.

అమెరికాలో ఈ పరికరాలకు యు.ఎల్. 1069 అనే ప్రమాణం ఉంది. ఈ రకం వ్యవస్థల్లో పిలుపును రద్దు చేసే మీట పిలుపు వచ్చిన చోటనే, అంటే నివాసి గదిలోనో మరుగుదొడ్డిలోనో ఉంటుంది. నర్సు బల్ల దగ్గర కూర్చొని దీపం ఆర్పివేసే వీలు ఉండకూడదన్నమాట. నైటింగేల్ కోరిన మూతకు ఇది ఆధునిక రూపం.

నివాసి చేతిలో పరికరం కాక సిబ్బంది వైపు కూడా కొన్ని భాగాలున్నాయి. బల్ల దగ్గరి పలక, దాని శబ్దం, తలుపుల పై దీపాలు, పేజర్లు, వాటి బ్యాటరీలు, చివరకు ఆ శబ్దం విని లేచి వచ్చే మనిషి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలినవి ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు. నివాసి తన గదిలో మీట నొక్కి, చిన్న ఎర్ర దీపం వెలగడం చూసి, పిలుపు అందిందని నమ్మి ఎదురుచూస్తూనే ఉంటాడు. పూర్తిగా చెడిపోయిన గంట కంటే ఇలా సగం పనిచేసే గంట ప్రమాదకరం. మొదటిది చెడిపోయిందని తెలుస్తుంది. రెండవది తెలియదు.

చట్టపరమైన నియమాలు

వృద్ధులకు ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్, పేదలకు ఉద్దేశించిన మెడికెయిడ్ 1965లో ఏర్పడ్డాయి. ఈ పథకాల నుండి డబ్బు పొందే నర్సింగ్ హోములన్నీ కేంద్ర ప్రభుత్వ నియమాలకు లోబడి ఉండాలి. 1986లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నర్సింగ్ హోముల దుస్థితిపై ఒక నివేదిక వెలువరించింది. దాని ప్రభావంతో 1987 డిసెంబరులో నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం వచ్చింది. నేటి నియమాలకు అదే పునాది.

పిలుపు వ్యవస్థ గురించిన నియమం కేంద్ర నిబంధనావళిలో 42వ శీర్షిక కింద 483.90 విభాగంలో ఉంది. పాత నియమం ప్రకారం నివాసుల గదుల నుండి, మరుగుదొడ్లు, స్నానపు గదుల నుండి వచ్చే పిలుపు నర్సుల కేంద్రానికి చేరితే సరిపోయేది. 2016 అక్టోబరు 4న ప్రచురితమైన సవరణలో రెండు మార్పులు జరిగాయి. గది అనే మాటకు బదులు ప్రతి నివాసి మంచం పక్క నుండి అని స్పష్టం చేశారు. పిలుపు నేరుగా సిబ్బందిలో ఒకరికి గాని, కేంద్రీకృత పని స్థలానికి గాని చేరాలన్నారు. మంచం పక్కన ఉండాలన్న భాగం 2019 నవంబరు 28 నుండి అమలులోకి వచ్చింది. ఒకే గదిలో ఇద్దరు ముగ్గురు ఉండేచోట మాటలో ఈ చిన్న మార్పు ఎంత పెద్దదో ఊహించవచ్చు.

నియమాన్ని తనిఖీదారులు ఎలా అన్వయించాలో కేంద్ర ఆరోగ్య పథకాల సంస్థ సి.ఎం.ఎస్. తన మార్గదర్శకాల్లో వివరించింది. ఈ అంశానికి తనిఖీ పత్రాల్లో ఎఫ్ 919 అనే సంఖ్య ఉంది. వ్యవస్థలోని అన్ని భాగాలూ పనిచేస్తేనే నియమం పాటించినట్లు లెక్క. నర్సుల బల్ల వద్ద దానిని ఆపివేసి ఉంచినా, వినబడనంతగా శబ్దం తగ్గించినా, ఒక గది పైనున్న దీపం వెలగకపోయినా, పిలుపు చేరే బల్ల దగ్గర ఎవరూ లేకపోయినా లోపమే. మరుగుదొడ్డిలోని పిలుపు సాధనం నేల మీద పడి ఉన్న మనిషికి కూడా అందాలని ఆ మార్గదర్శకం చెబుతుంది. ఇది రాసినవారు మరుగుదొడ్డిలో నిజంగా ఏం జరుగుతుందో తెలిసినవారై ఉండాలి. కూర్చొని ఉన్నపుడు చేతికందే తాడు, కింద పడినపుడు అందదు.

గంట బాగానే పనిచేస్తూ నివాసి చేతికి అందని చోట ఉంటే అది మరొక లోపం కిందికి వస్తుంది. నివాసి అవసరాలకు తగిన సౌకర్యం కల్పించాలన్న నియమాన్ని దీనికి వర్తింపజేస్తారు.

అయితే పిలుపు వచ్చిన ఎన్ని నిమిషాలలో స్పందించాలి అన్నదానికి కేంద్ర నియమాల్లో సంఖ్య ఏదీ లేదు. నివాసుల అవసరాలు తీర్చడానికి తగినంత సిబ్బంది ఉండాలని మాత్రమే ఉంది. ఒక్కొక్క నివాసికి రోజుకు సగటున కనీసం 3.48 గంటల నర్సింగ్ సంరక్షణ అందాలంటూ 2024లో సి.ఎం.ఎస్. తెచ్చిన నియమాన్ని 2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లోని కేంద్ర న్యాయస్థానం కొట్టివేసింది.

చెడిపోయే తీరు

పిలుపు వ్యవస్థలు పెద్ద సాంకేతిక కారణాలతో చెడిపోవడం కంటే చిన్నచిన్న అలవాట్ల వల్ల పనికిరాకుండా పోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

మంచాన్ని జరిపినపుడు చక్రం కింద పడి తీగ నలుగుతుంది. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపలి రాగి పోగులు తెగి ఉంటాయి. ఒక కోణంలో పట్టుకుంటే పలుకుతుంది, మరొక కోణంలో పలకదు. ఇటువంటి తీగను పగలు పరీక్షిస్తే సరిగానే ఉన్నట్లు తేలుతుంది. క్రిమిసంహారక ద్రవంతో పదేపదే తుడిచినపుడు తడి లోపలికి ఇంకి మీట బిగుసుకుపోవడం మరొక రకం.

చాలా వ్యవస్థల్లో గోడ నుండి తీగను ఊడబెరికితే దానంతటదే పిలుపు మోగుతుంది. ఇది మంచి రక్షణ. కాని తీగ పాడైనపుడు ఆ మోతను ఆపడానికి ఖాళీ ప్లగ్గును గుచ్చుతారు. కొత్త తీగ తెచ్చేదాకా తాత్కాలికంగా పెట్టిన ఆ ప్లగ్గు అక్కడే ఉండిపోతే, వ్యవస్థ దృష్టిలో ఆ మంచం నుండి ఎవరూ ఎన్నడూ పిలవనట్లే. పలక మీద ఏ లోపమూ కనిపించదు.

మరుగుదొడ్డిలోని తాడు నేల తుడిచేవారికి అడ్డం. తుడవడానికి వీలుగా దానిని పైకి ముడివేస్తారు, లేదా పక్కనున్న పట్టుకొనే కడ్డీకి చుట్టబెడతారు. కడ్డీకి చుట్టిన తాడును లాగినా మీట కదలదు. ఈ అలవాటు ఒక్క దేశానిది కాదు. బ్రిటన్‌లో వికలాంగుల మరుగుదొడ్లలో ఎర్ర తాడుకు రెండు రింగులు ఉండాలనీ, వాటిలో కిందిది నేల నుండి 10 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలనీ భవన మార్గదర్శకాలు చెబుతాయి. అయినా ముడివేసిన తాళ్ళను విప్పండంటూ అక్కడ వికలాంగుల తరఫున ప్రచారం చేయవలసి వచ్చింది.

తీగలు లేని వ్యవస్థలకు వేరే బలహీనతలున్నాయి. మెడలో వేసుకొనే మీటలో బ్యాటరీ అయిపోవచ్చు. కాంక్రీటు గోడలు, లిఫ్టు గూడు దగ్గర సంకేతం అందకపోవచ్చు. సంకేతాన్ని ముందుకు పంపే పరికరం నడవాలోని ప్లగ్గులో ఉంటే, నేల శుభ్రం చేసే యంత్రం కోసం దానిని తీసి మళ్ళీ పెట్టడం మరచిపోవచ్చు. అప్పుడు ఒక గది కాదు, ఆ వరుస వరుసంతా మూగపోతుంది. సిబ్బంది పేజరు చార్జింగు బల్ల మీద ఉండిపోవడం వీటన్నిటికంటే సామాన్యమైనది.

పూర్తిగా మానవ సంబంధమైన వైఫల్యం కూడా ఉంది. సహాయకురాలు గదిలోకి వచ్చి, మీట నొక్కి దీపం ఆర్పి, ఇప్పుడే వస్తానని చెప్పి మరొక గదికి వెళుతుంది. అక్కడ ఇంకో పని తగులుతుంది. దీపం ఆరిపోయింది గనుక ఈ గది విషయం ఇక ఎవరికీ తెలియదు. కంప్యూటరు నమోదు చేసిన పట్టికలో మాత్రం స్పందన సమయం రెండు నిమిషాలని చక్కగా కనిపిస్తుంది. ఆ పట్టిక కొలిచేది దీపం ఆరిన సమయాన్ని, సహాయం అందిన సమయాన్ని కాదు. సహాయకురాలిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. కేంద్ర చట్టం ప్రకారం కనీసం 75 గంటల శిక్షణ పొందిన ఈ సహాయకులే మంచం దించడం, స్నానం, భోజనం వంటి పనుల్లో అధికభాగం చేస్తారు. రాత్రి షిఫ్టులో ఒకరు చూడవలసిన గదులు మరింత పెరుగుతాయి.

నిర్వహణ

ఈ వ్యవస్థను పరీక్షించడానికి ఇద్దరు కావాలి. ఒకరు మంచం దగ్గర మీట నొక్కాలి, మరొకరు బల్ల దగ్గర ఉండి విని చూడాలి. గదిలో దీపం వెలిగిందని ఒక్కరే చూసి పట్టికలో టిక్కు పెట్టడం సగం పరీక్ష మాత్రమే. మీట నొక్కాక తలుపు పై దీపం, బల్ల దగ్గరి శబ్దం, పలక మీద సరైన గది సంఖ్య, పేజరు, రద్దు మీట అన్నీ వరుసగా చూడాలి. తరువాత మరుగుదొడ్డి తాడును నేలకు దగ్గరగా పట్టుకొని లాగాలి. తీగను నాలుగు వైపులా వంచి మళ్ళీ నొక్కాలి. శబ్దం స్థాయిని రాత్రి వేళ కూడా పరిశీలించాలి, ఎందుకంటే నివాసుల నిద్ర చెడుతుందని దానిని తగ్గించేది రాత్రి పూటే. పరీక్షలను గది సంఖ్యతో, తేదీతో, చేసినవారి సంతకంతో పుస్తకంలో రాయడం మంచి పద్ధతి. కరెంటు పోయి జనరేటరు అందుకొనేటపుడు వ్యవస్థ నిలబడుతుందా, తీగలేని పరికరాలు తిరిగి వాటంతట అవే కలుస్తాయా అన్నది జనరేటరు పరీక్ష రోజున చూసుకోవచ్చు.

అదనపు తీగలు, మీటలు, బ్యాటరీలు నిల్వ ఉంచడం, అవి ఎక్కడున్నాయో రాత్రి షిఫ్టువారికి తెలిసి ఉండడం చాలా ముఖ్యం. మరమ్మతు పనివాడు సాయంత్రం ఇంటికి వెళ్ళిపోతాడు. స్టోరు గది తాళం అతని దగ్గరే ఉంటే పది డాలర్ల తీగ కోసం ఒక మనిషి తెల్లవారేదాకా పిలుపు లేకుండా ఉండవలసి వస్తుంది.

ఇవన్నీ మరమ్మతు విభాగం చేయగలిగినవి. కాని గంట నివాసి చేతికి అందేలా ఉంచడం ప్రతి షిఫ్టులో, నివాసిని కదిలించిన ప్రతిసారీ చేయవలసిన పని. పక్క మార్చినపుడు, కుర్చీలో కూర్చోబెట్టినపుడు, దుప్పటి మార్చినపుడు తీగ నేల మీదికి జారుతుంది. పక్షవాతం వచ్చినవారికి పడిపోయిన చేతి వైపు తీగ పెడితే అది లేనట్లే. కొందరు ఆ వైపు వస్తువులను గమనించను కూడా గమనించరు. గదిలోంచి బయటికి వచ్చే ముందు గంట చేతిలో ఉందా అని చూసి, ఒకసారి నొక్కమని అడిగి వెళ్ళడం చాలా చోట్ల సిబ్బందికి నేర్పే అలవాటు. తనిఖీ నివేదికల్లో తరచుగా కనిపించే వాక్యం వ్యవస్థ చెడిపోయిందని కాదు, గంట అందుబాటులో లేదని.

మతిమరుపు వ్యాధి ముదిరినవారికి మీట ఎందుకో గుర్తుండదు. వారి విషయంలో గంట ఉందన్న ధీమా పనికిరాదు. ఎవరు వాడగలరో, ఎవరు వాడలేరో అంచనా వేసి సంరక్షణ ప్రణాళికలో రాసుకోవాలి. వాడలేనివారిని నిర్ణీత సమయానికి వెళ్ళి చూస్తుండాలి. పిలవకముందే గంటకొకసారి వెళ్ళి, మరుగుదొడ్డి అవసరం, నొప్పి, పడుకున్న తీరు కనుక్కొనే పద్ధతి వల్ల పిలుపుల సంఖ్యతో పాటు పడిపోవడాలు కూడా తగ్గాయని అమెరికన్ జర్నల్ ఆఫ్ నర్సింగ్‌లో 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. అది ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం. అయితే దాని వెనుక ఉన్న ఆలోచన నర్సింగ్ హోములకూ వర్తిస్తుంది.

వ్యవస్థ పనిచేయనపుడు

మరమ్మతు పూర్తయ్యేదాకా ఏం చేయాలన్నది ముందే రాసి ఉంచుకోవాలి. సాధారణంగా నివాసులకు చేతిగంటలు ఇచ్చి, నడవాలో ఒకరిని ఉంచి, పదిహేను నిమిషాలకొకసారి గదిగదికీ వెళ్ళి చూసి, సమయం రాస్తారు. చేతిగంటకు పరిమితులున్నాయి. ఏ గదిలో మోగిందో తెలియదు, తలుపు మూసి ఉంటే వినబడదు, మోగించేవారి చేతిలో బలం కావాలి, మోత ఆగాక గుర్తు మిగలదు. అందువల్ల గంట ఇచ్చామని తిరిగి చూడడం మానరాదు. మరుగుదొడ్డిలో కూడా ఒకటి ఉంచవలసిన సంగతి తరచుగా మరుపున పడుతుంది.

పిలుపుకు జవాబు రాకపోతే చాలామంది ఎదురుచూడరు. మూత్రం ఆపుకోలేక తామే లేవబోయి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది. లేవలేనివారు పక్క తడుపుకొని అందులోనే ఉండిపోతారు, దాని వల్ల చర్మం చెడి పుండ్లు పడతాయి. ఎన్నో పిల్లలను చదివించి, సంసారాలు నడిపిన మనుషులు పక్క తడుపుకొన్నందుకు క్షమాపణ చెప్పుకోవలసి రావడం వైద్య పత్రాల్లో నమోదు కాని నష్టం. కొన్నాళ్ళకు పిలవడమే మానేసేవారూ ఉన్నారు. అటువంటి గది నుండి పిలుపులు తగ్గడం నివాసి కుదురుకున్నాడనడానికి సూచన కాకపోవచ్చు.

ఫిర్యాదులు, తనిఖీలు

సి.ఎం.ఎస్. తరఫున రాష్ట్ర తనిఖీ సంస్థలు ప్రతి నర్సింగ్ హోమును గరిష్ఠంగా 15 నెలలలోపు ఒకసారి ముందుగా చెప్పకుండా తనిఖీ చేయాలి. ఫిర్యాదు వస్తే మధ్యలో కూడా రావచ్చు. లోపాల పత్రం అందిన పది రోజులలో సంస్థ దిద్దుబాటు ప్రణాళిక ఇవ్వాలి. తాజా తనిఖీ ఫలితాలను నివాసులు, బంధువులు అడగకుండానే చూసుకోగలిగే చోట ఉంచడం సంస్థ బాధ్యత. నివాసుల తరఫున మాట్లాడే ఆంబుడ్స్‌మన్ ప్రతి రాష్ట్రంలోను ఉంటారు. ఫిర్యాదు చేసేవారు తేదీ, మీట నొక్కిన సమయం, ఎవరైనా వచ్చిన సమయం రాసి ఉంచుకుంటే విచారణకు ఉపయోగపడుతుంది.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి స్థిరపడిన తెలుగు వృద్ధులలో నర్సింగ్ హోమ్ చేరినవారికి మరొక ఇబ్బంది ఎదురవుతుంది. మీట నొక్కగానే ఇంటర్‌కమ్‌లో ఏం కావాలని ఇంగ్లీషులో అడుగుతారు. జవాబు రాకపోతే పొరపాటున నొక్కారనుకొనే అవకాశం ఉంది. గోడ మీది గొంతుతో సరిపెట్టక మనిషే రావాలని ఇటువంటివారి సంరక్షణ ప్రణాళికలో రాయించడం, నీళ్ళు, నొప్పి, మరుగుదొడ్డి వంటి అవసరాల బొమ్మలున్న అట్టను మంచం దగ్గర ఉంచడం బంధువులు చేయగలిగిన పనులు.

భారతదేశంలో

ఇక్కడి ఆసుపత్రులలో రోగి పక్కన ఇంటివారు ఒకరు ఉండడం ఆచారం. సెలైను అయిపోతే నడవాలోకి వెళ్ళి సిస్టరును పిలుచుకొచ్చేది వారే గనుక, గోడ మీది మీట పనిచేయకపోయినా చాలాకాలం ఎవరికీ పట్టదు. వృద్ధాశ్రమంలో అలా పక్కన కూర్చొనే మనిషి ఉండరు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007లోని 19వ సెక్షన్ ప్రతి జిల్లాలో కనీసం 150 మందికి సరిపడే వృద్ధాశ్రమం ఒకటైనా ఏర్పాటు చేయవచ్చని చెబుతుంది. పిలుపు గంట ప్రస్తావన ఆ చట్టపాఠంలో లేదు. వృద్ధాశ్రమం చూడడానికి వెళ్ళినవారు తోట, పూజగది, భోజనశాలతో పాటు మరుగుదొడ్డిలోకి వెళ్ళి అక్కడి తాడునో మీటనో ఒకసారి లాగి, ఎవరు వస్తారో, ఎంతసేపటికి వస్తారో చూడవచ్చు.